కొండ మీది రాతిపై బాపయ్య సంతకం

పిల్ల జారితే? గోడ ఎత్తు ఆరు మీటర్లు. కింద పడడానికి సెకను కన్నా కాస్త ఎక్కువ పడుతుంది. అంతలో నా చెయ్యి అందదు.

ఈ లెక్క చెప్పే, మూడేళ్ల నా కూతురు శ్రావణిని చంద్రపూర్ కోట గోడ మీదికి ఎక్కించనని బాపయ్యతో వాదించాను. బాపయ్య మా పక్కింటాయన. బల్లార్‌పూర్ దగ్గర బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు కూలీల మీద సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన చదివింది ఏడో తరగతి, నేను చదివింది ఎమ్మెస్సీ ఫిజిక్స్. అయినా నా కూతురు పొద్దున లేవగానే పోయేది ఆయన ఇంటికే. సముద్రానికి ఆటుపోట్లు ఎందుకొస్తాయో నేను చంద్రుడితో మొదలుపెట్టి చెబుతుంటే, సగంలో లేచి తాత దగ్గరికి పోయింది.

ఆయనంటే నాకు కుళ్లు. నేను నాగపూర్ దాటలేదు, ఆయన పసిఫిక్ చూసొచ్చాడు. ఆయన కూతురు ప్రతిభ అక్కడి సాలమన్ దీవుల్లో నర్సు. మనవణ్ని చూడ్డానికి పోయి మూడు నెలలు ఉన్నాడు. అక్కడ కొండ మీద యుద్ధ స్మారకం ముందు తీసిన ఫొటో ఆయన ఫోనులో ఉంది. కింద ఊరు, అవతల నీలి సముద్రం. మనవడు పిట్టగోడ మీద కూర్చుని కాళ్లు ఆడిస్తున్నాడు. ప్రతిభ వాణ్ని పట్టుకోకుండానే పగలబడి నవ్వుతోంది. ఆ ఫొటోను పెద్దది చేసి ఎన్నిసార్లు చూశానో. సముద్రం కోసం కాదు, ఆ నవ్వు కోసం. పిల్లతో బయటికి వెళ్లినప్పుడు నేను ఒక్కసారీ అలా నవ్వలేదు.

ఆ ఆదివారం పొద్దున కోట మెట్ల దగ్గర శ్రావణి నా చెయ్యి విదిలించుకుంది.

"నువ్వద్దు అమ్మా. తాతే!"

నేను బాపయ్య మీదికి తిరిగాను. "నీకేంది కాకా, కథలు చెప్పి మురిపిస్తవు. పడితే ఏడ్చేది నేను గదా!"

బాపయ్య నొచ్చుకోలేదు. మెట్టు మీద కూర్చున్నాడు.

"నీకు ఫొటో చూపిన గానీ, తిట్లు తిన్నది చెప్పలే బిడ్డా. గా కొండ మీదికి పోంగనే ప్రతిభను, పోరన్ని కారుకాడనే ఉంచిన. ఒక్కన్నే చుట్టూ తిరిగి, పిట్టగోడను తన్ని చూసిన. అంత మంచిగున్నది. ఇగ చెయ్యి ఊకుంటదా? జేబుల సుద్దముక్క తీసి, రాతి మీద తారీఖేసి సంతకం పెట్టిన."

"స్మారకం మీదనా!"

"మరి? గనిల నా పని గదే. ముందుగాల సర్దార్ పోయి పైకప్పు గట్టిగున్నదా చూసి, సుద్దతోని సంతకం పెడితేనే కూలోళ్లు లోపలికొస్తరు. గా కొండ మీది కావలాయన ఉరికొచ్చి ఇంగిలీషుల ఒకటే తిట్టుడు. సచ్చిపోయిన సిపాయిల యాదిల కట్టింది గదా, తప్పు నాదే. రుమాలు తడిపి నేనే తుడిచిన. ఫొటోల ప్రతిభ గట్ల నవ్వుతున్నది నన్ను జూసే!"

ఇన్నాళ్లూ నేను కుళ్లుకున్న నవ్వు అది. నాకూ నవ్వొచ్చింది గానీ వదల్లేదు. "పోరడు గోడ మీద కూసుంటే భయం కాలేదా?"

"గోడ అవతల కిందనే గడ్డి జాగ ఉన్నది. ఫొటోల కానరాదు, నేను చూసొచ్చిన. నువ్వేమో కింద నిలబడి లెక్కలేస్తున్నవు. పిల్ల నాకాడ ఉంటది, పో."

ఒక్కదాన్నే ఎక్కాను. నడిచే దారి నేననుకున్నదానికన్నా వెడల్పుగా ఉంది. అంచున గోడ నా నడుము దాకా వచ్చింది. ఒకచోట మాత్రం పాచి పట్టి కాలు జారింది. దిగి వచ్చేసరికి శ్రావణి బాపయ్య ఒళ్లోంచి లేచి నాకు ఎదురొచ్చింది.

"పైన ఏమున్నదే అమ్మా? నాకు చూపియ్యవా?"

తాతను అడగలేదు. చూసొచ్చింది నేను కదా. నా వేలు పట్టుకుని పైకి లాగింది. పాచి ఉన్న చోటికి పోకుండా, మిగతా గోడంతా దాన్ని నడవనిచ్చాను.

కింద నుంచి బాపయ్య కేకేసి చెప్పిన మాటనే, పార్కుకు పోయినా వాగుకు పోయినా ఇప్పుడు పాటిస్తున్నాను.

"ముందుగాల నువ్వు పోయి చూసి రా బిడ్డా. చూసొచ్చినంక ఇగ పిల్లని భయపెట్టకు!"