మిడత గారికి ఇచ్చిన దారి

నేల బేరంలో నన్ను మించినవాళ్లు మా ఇంట్లో లేరు. ఈ మాట ఇప్పటికీ అంటాను. సెంటు భూమి కూడా నా పేరున లేని రోజుల్లోనే గ్రహాలు ఇచ్చి పుచ్చుకున్న మనిషిని నేను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా అక్క భర్త మస్కట్ నుంచి సెలవుకు వచ్చారు. డిగ్రీ అయిపోయి నేను ఇంట్లో ఊరికే ఉన్నానని, అమలాపురంలో ఒక కంప్యూటర్ కట్టించి రాజోలు దగ్గర మా ఊరికి ఆటోలో పంపించారు. షాపు ఆయన కొసరుగా అందులో ఒక ఆట ఎక్కించి ఇచ్చాడు. అమ్మాయి టైపింగ్ నేర్చుకుంటోందని నాన్నగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. నేను లోపల సామ్రాజ్యం ఏలుతుండేదాన్ని.

ఆటంతా ఆకాశం మ్యాపు మీద. కొన్ని గ్రహాలు మనవి, మిగతావి కంప్యూటర్ ఆడే రాజులవి. యుద్ధాలు చేయవచ్చు గానీ నాకు అంత ఓపిక లేదు. బేరాల కోసం వేరే తెర ఉండేది. మన గ్రహం ఇటు, వాళ్ల గ్రహం అటు పెట్టి, ఇది తీసుకుని అది ఇస్తారా అని నొక్కితే ఆ రాజు ముఖం కనిపించి సరేననో కుదరదనో అనేది. వాళ్లలో ఒకాయన అచ్చం మిడతలా ఉండేవాడు. మా ఇంట్లో పరాయివాళ్లను ‘గారు’ లేకుండా పిలిచే అలవాటు లేదు కాబట్టి ఆయన మిడత గారయ్యారు. అన్నాల దగ్గర నాన్నగారు, "ఏవమ్మా, మిడత గారు ఒప్పుకున్నారా?" అని అడిగేవారు.

మొదటి ఆటలో నేనొక తప్పు చేశాను. కోనసీమ మనిషి తప్ప ఇంకెవరూ చేయని తప్పు. మ్యాపు అంచున ఉన్న గ్రహాలన్నీ అడిగిందే తడవుగా ఇచ్చేశాను. మాకు అంచు అంటే ఏటిగట్టు అవతలి నేల. వరద వచ్చినప్పుడల్లా గోదావరి కోసుకుంటూ కొబ్బరిచెట్లతో సహా మింగేసే నేల. అది ఉండగానే ఎవరికో ఒకరికి అంటగట్టాలన్న తెలివి మాకు పుట్టుకతో వస్తుంది. ఆకాశంలో ఏరు లేదనీ, అంచున ఉన్నవాడికి ఒకవైపే శత్రువు గనక అన్నిటికన్నా అదే భద్రమైన చోటనీ నాకు తట్టేసరికి, ఆ గ్రహాలన్నీ మిడత గారి రంగులోకి మారిపోయాయి.

రెండో ఆట నుంచి ఎవరికీ గజం నేల ఇవ్వలేదు. దారి ఇచ్చాను. మన హద్దులోంచి వాళ్ల ఓడలు వెళ్లడానికి ఒప్పందం చేసుకోవచ్చు. నేల మనదే, రాకపోకలు వాళ్లవి. అందుకు బదులుగా వాళ్ల గ్రహాలు అడిగేదాన్ని, ఇచ్చేవారు. ఆ ఒప్పందానికి గడువు ఉండేది. గడువు తీరగానే మిడత గారు మళ్లీ తెర మీదికొచ్చి నిలబడేవారు. నేను కాసేపు అలాగే నిలబెట్టి, అప్పుడు సరేననేదాన్ని. ఆ కాసేపు నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

అమ్మ నా వెనక పీట వేసుకుని, చీపుళ్ల కోసం కొబ్బరి ఈనెలు తీసుకుంటూ ఇదంతా చూసేది. ఏమీ అడిగేది కాదు. ఒక్కసారి మాత్రం, "ఆయన మళ్లీ ఎందుకొచ్చేరే?" అంది. గడువు తీరిందనీ, వచ్చి అడిగితేగానీ దారి లేదనీ చెప్పాను. "అయితే రావలసిందే అన్నమాట," అని మళ్లీ ఈనెలు అందుకుంది.

అమ్మకు నిజంగానే అంచున నేల ఉండేది. సఖినేటిపల్లి దగ్గర, వశిష్ఠ గోదావరి ఒడ్డున, తాతగారు పెళ్లిలో పసుపు కుంకుమల కింద రాసిచ్చిన చిన్న ముక్క. దాని వెనకంతా మావయ్య గారి పొలం. తాతగారు పోయాక మావయ్య గారు మా ఇంటికి రావడం మానేశారు. గొడవేమీ లేదు. రాలేదు, అంతే. అమ్మ చెట్ల కాయలు దింపించినప్పుడల్లా ఎవరి చేతనో బస్తా పంపేవారు. అమ్మ ఆ బస్తా వైపు చూడకుండా, "అన్నయ్య బాగున్నారా అండీ?" అని తెచ్చిన మనిషిని అడిగేది. అది వింటే నాకు ఒళ్లు మండేది.

అలాంటిది ఒకరోజు మావయ్య గారే స్వయంగా వచ్చారు. మార్పిడి అడిగారు. ఏటి ఒడ్డు ముక్క తనకు రాసిస్తే, మా ఊరి పక్కనే తాను కొన్న కొబ్బరితోట అమ్మ పేరున రాస్తానన్నారు.

"కోతలో పోయే నేలే కదా చెల్లెమ్మా. నీకు నష్టం రానిస్తానా?" అన్నారు.

నాన్నగారు ఆయ్, ఆయ్ అంటూ అప్పుడే సంతకానికి సిద్ధమైపోయారు. ఆయన తెలివి నా మొదటి ఆట తెలివే. అమ్మ కాఫీ కలుపుతానని లోపలికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను.

"మార్పిడి అయిపోతే ఆ ఊళ్లో నాకు నేలుండదు," అంది అమ్మ, స్టవ్ వైపు చూస్తూ. "అన్నయ్యకి ఈ ఇంట్లో పనుండదు. ఇంక ఎందుకొస్తారే?"

బేరం నాకు వదిలెయ్యమన్నాను. మిడత గారు పనికిరాని గ్రహానికి మంచి గ్రహం ఇస్తామన్నప్పుడల్లా నేను చేసే పని ఒకటుంది: ఆయన కుర్చీలో కూర్చుని మ్యాపు చూడటం. ఇప్పుడూ అలాగే చూశాను. మావయ్య గారు వరిచేలను రొయ్యల చెరువులుగా తవ్విస్తున్నారని అందరికీ తెలుసు. రొయ్యకు సముద్రం పోటుకు ఏట్లోకి ఎక్కే ఉప్పునీరు కావాలి. ఏటికీ ఆ చెరువులకీ మధ్య ఉన్నది అమ్మ ముక్క ఒక్కటే.

కాఫీ ఇచ్చి, "నీళ్ల గొట్టం ఎటు నుంచి వేస్తారండీ, మావయ్య గారూ?" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "అమ్మాయేం చదువుతోందండీ బావగారూ?" అన్నారు.

"కంప్యూటరండీ," అన్నారు నాన్నగారు, కొంచెం భయంగా.

నా బుర్రలో బేరం తయారుగా ఉంది. నేల ఇవ్వం, దారి ఇస్తాం, బదులుగా ఆ కొబ్బరితోట రాయండి. నోరు తెరవబోతుంటే వంటింటి గుమ్మంలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"నేలివ్వను అన్నయ్యా. దారిస్తాను. గొట్టం వేసుకో."

"మరి తోట ఎప్పుడు రాయించమంటావమ్మా?"

"తోట నాకొద్దు. దారి ఒక్క ఏడాదికే. ఏడాది తిరగ్గానే నువ్వే వచ్చి మళ్లీ అడగాలి. మనిషిని పంపిస్తే చెల్లదు."

బంగారంలాంటి తోట చేతులారా వదిలేస్తోంది. "అమ్మా," అని అడ్డం పడబోయాను.

"నువ్వూరుకో. మిడత గారికి నువ్విచ్చేది ఇదే కదా," అంది.

నాన్నగారు నవ్వు ఆపుకోవడానికి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. మిడత గారెవరో మావయ్య గారికి తెలియదు. ఆ చుట్టుపక్కల మోతుబరి ఎవరో అనుకున్నట్టున్నారు. "ఆయ్, ఆయనకిచ్చినట్టే నాకూ ఇవ్వమ్మా," అన్నారు.

తర్వాత ఏటా, చెరువుల్లో రొయ్యపిల్ల వదిలే ముందు, మావయ్య గారు వచ్చేవారు. మొదటిసారి గుమ్మంలోనే అడిగి వెళ్లిపోబోయారు. అన్నం తింటేగానీ సరేననను అంది అమ్మ. మరుసటి ఏడు భోజనాల వేళకే వచ్చారు. ఆ తర్వాత అత్తయ్య గారిని కూడా తీసుకొచ్చారు. అడగడం మాత్రం చివరికి పెట్టుకునేవారు, చేతులు కడుక్కున్నాక. అమ్మ ఆయన్ని కాసేపు నిలబెట్టి, అప్పుడు సరేననేది. ఆ నిలబెట్టడం నా దగ్గర నేర్చుకున్నదే.

కొన్నేళ్లకు రొయ్యకు తెగులు తగిలింది. చెరువులు ఎండగట్టారు. నీళ్లు తోడే ఇంజను అమ్మేసి గొట్టం పీకేశారని తెలిసింది. అప్పటికి నేను రాజోలులో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను, ఆదివారాలు ఇంటికి వచ్చేదాన్ని. ఏడాది గడువు తీరిన ఆదివారం అమ్మ వీధి తలుపు వేయనివ్వలేదు. ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోసింది. నాకు భయం వేసింది. పని తీరిపోయిన దారిని మిడత గారు ఒక్కసారి కూడా అడగలేదు.

మధ్యాహ్నం బస్సుకు మావయ్య గారు దిగారు, చేతిలో ముంజెలతో. మామూలుగానే భోంచేశారు. చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి అమ్మ ముందు నిలబడ్డారు.

"ఈ ఏడు నీళ్లక్కర్లేదు చెల్లెమ్మా," అన్నారు. "దారి అడగడానికొచ్చేను."

అమ్మ ఈసారి ఆయన్ని నిలబెట్టలేదు.