పూత నిలిచిన ఏడాది

ఆ ఉత్తరం వచ్చేనాటికి నూజివీడు కోర్టులో నేనొక్కదాన్నే ఆడ లాయర్ని. కేసులు పెద్దగా ఉండేవి కావు. సీనియర్ గారి వాయిదాలు రాసుకుంటూ, కాపీలు తెచ్చిపెడుతూ కాలం గడుపుతున్నాను. ఉత్తరం రాసింది లా కాలేజీలో నాకు పాఠాలు చెప్పిన మాస్టారు. గాలినీ నీటినీ కాపాడటానికి రాష్ట్రంలో కొత్త నియమాలు తయారు చేయిస్తున్నారనీ, ఆ కమిటీలో తానూ ఉన్నాననీ రాశారు. "మీ మామిడి తోటల పక్కన కంకర మిల్లులు లేచాయట కదా. వాటికి సంబంధించిన భాగం నువ్వు రాసి పంపు" అన్నారు.

భోపాల్ సంగతి జరిగి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. చట్టం వస్తే మనుషులు బతుకుతారని నేను నిజంగా నమ్మాను. ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను.

మర్నాడే చాట్రాయి వైపు బస్సెక్కాను. తోటల మధ్య ఒక గుట్ట, దాని పాదం దగ్గర మిల్లు. అరమైలు దూరం నుంచే మామిడి ఆకు ఆకుపచ్చ పోయి బూడిద రంగులోకి తిరిగింది. చెట్ల నిండా పూత ఉంది కానీ, చేత్తో తాకితే పిండిలా రాలింది. తోటలో కలుపు తీస్తున్న ఒకావిడ నన్ను చూసి లేచి నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయేమో.

"మిల్లు గురించి రాసుకోడానికొచ్చారా అండీ? అయితే మా ఇంటికి రండి. మా ఆయన అందులోనే పన్జేస్తాడు."

మిల్లు నోట్లోకి రాళ్లు తోసే పని అతనిది. ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను అడిగిన ప్రతిదానికీ సగం మాట చెప్పి దగ్గేవాడు, మిగతా సగం ఆమె చెప్పేది. ఎన్నాళ్ల నుంచి ఈ దగ్గు అంటే, "మిల్లు పెట్టిన రెండో ఏడు నుంచండి" అంది. మూతికి కట్టుకోడానికి గుడ్డ కూడా ఇవ్వలేదట. నేను రాసుకుంటుంటే ఆమె నా పుస్తకంలోకి తొంగి చూసింది.

"ఇందులో ఆయన దగ్గు కూడా రాస్తారా అండీ?"

"అదే ముందు రాస్తానమ్మా" అన్నాను.

రాశాను కూడా. మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. ఇంగ్లీషులో నేను రాసినదాన్ని ఆయన తెలుగు చేస్తుంటే ఇద్దరం పోట్లాడుకున్నాం. నేను 'ధూళి కణములు' అంటే ఆయన 'రాతి దుమ్ము' అని దిద్దారు. "దుమ్ము మింగేవాడికి అర్థం కాకపోతే ఆ చట్టం ఎవరికే?" అన్నారు. ఇళ్లకీ తోటలకీ ఇంత దూరంలోపు మిల్లు ఉండకూడదు, రాయి మీద నీళ్లు చల్లుతూనే ఆడించాలి, కూలీలకు ఏటా యజమాని ఖర్చుతో ఛాతీ పరీక్ష చేయించాలి, ఎవరైనా సరే తెల్లకాగితం మీద ఫిర్యాదు చేయొచ్చు అని రాశాం. వారం రోజుల్లో టైపు చేయించి పంపాను.

రెండు నెలల తర్వాత బెజవాడలో సమావేశం పెట్టారు. తోటల రైతుల తరఫున ఒక పెద్దాయన వచ్చారు, మిల్లుల వాళ్లు నలుగురు వచ్చారు. కూలీల తరఫున ఎవరూ లేరు. వాళ్లని పిలవాలని నాకూ తట్టలేదు. రైతు పెద్దాయన పూత ఎలా మాడిపోతోందో చక్కగా చెప్పారు. మిల్లుల వాళ్లు, ఉన్న మిల్లుల్ని కదిలించమంటే కోర్టుకు పోతామన్నారు. టీ కోసం లేచినప్పుడు మాస్టారు నన్ను వరండాలోకి పిలిచారు.

"చూడమ్మా, అన్నీ అడిగితే అన్నీ పోతాయి. పూత కాలంలో మిల్లు ఆపడానికి వాళ్లు ఒప్పుకుంటున్నారు. దూరం సంగతి కొత్త మిల్లులకే పెడదాం. ఆ ఛాతీ పరీక్ష తీసెయ్."

"అదే కదండీ అసలు విషయం."

"పంట పోయిందని రైతులు చూపించగలరు. దగ్గు మిల్లు వల్లేనని నువ్వు ఏం చూపిస్తావు? ముందు ఏదో ఒకటి రానీ. తర్వాత సవరించుకుందాం."

ఆయన మీద నాకు గౌరవం. పైగా నేను రాసినది అచ్చులో చూసుకోవాలన్న ఆశ. "సరే సార్" అన్నాను. లోపలికి వెళ్లి నా చేత్తోనే ఆ పేరా కొట్టేశాను.

నియమాలు వచ్చేలోగా ప్రయోగంగా చూద్దామని మరుసటి జనవరిలో అధికారులు గుట్ట కింద మిల్లు ఆపించారు. పిందె కట్టేదాకా తెరవకూడదన్నారు. రైతు పెద్దాయన కోర్టు దగ్గరికి వచ్చి మరీ, "అమ్మాయీ, ఇన్నేళ్లలో ఇంత పూత చూళ్లేదమ్మా" అన్నారు. ఆ మాటకి పొంగిపోయాను.

ఆ మిల్లు కూలీ భార్య ఫిబ్రవరిలో వచ్చింది. కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంది.

"మిల్లు ఆగిపోయాక ఆయన మైలవరం అవతల ఇంకో క్వారీకి పోయాడండి. అక్కడ ఇంకా ఎక్కువంట దుమ్ము. మొన్న ఎవరో తీసుకొచ్చి దింపి పోయారు. లేవట్లేదండి."

పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. క్షయ అన్నారు. రాతి దుమ్ము అని నేనెంత చెప్పినా డాక్టరు గారు చీటీ మీద క్షయ అనే రాశారు. ఆ మందులే వాడారు. మనిషి రోజురోజుకీ చిక్కిపోయాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునేవాడు. నేను వెళ్లినప్పుడల్లా దండం పెట్టేవాడు. ఆ దండం తట్టుకోలేక పోను పోను వెళ్లడం తగ్గించాను. ఇది చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

కాయ కోతల రోజుల్లో పోయాడు. విస్సన్నపేట రోడ్డు మీద లారీలు వరసకట్టి ఉన్నాయి, గంపల కోసం అందరూ పరుగులు పెడుతున్నారు. మోయడానికి మనుషులు దొరక్క మధ్యాహ్నం దాకా శవం వాకిట్లోనే ఉంది.

ఆ నెలలోనే హైదరాబాదు వెళ్లాను. కొట్టేసిన పేరా మళ్లీ చేర్చమని అర్జీ రాసుకుని సెక్రటేరియట్లో మూడు రోజులు తిరిగాను. మూడో రోజు ఒక గుమస్తా ఫైలు వెతికి తీశాడు. నెమ్మదస్తుడు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఇది ఇంకో శాఖకి అభిప్రాయానికి వెళ్లి వచ్చిందండి. మళ్లీ పంపాలి. ఎప్పటికి తేలుతుందో నేను చెప్పలేను మేడం."

"పూత కాలం నియమమైనా వస్తుందా?"

ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "అది కూడా ఇందులోనే ఉందండి" అన్నాడు.

మాస్టారింటికి వెళితే ఆయన కమిటీ నుంచి తప్పుకున్నానన్నారు. ఆయన్ని ఏమనడానికి నాకు మాత్రం ఏం హక్కుంది?

మరుసటేడు పూత కాలంలో మిల్లు ఆగలేదు. ప్రయోగం ఒక్క ఏడాదికేనన్నారు. నేను గుట్ట దగ్గరికి వెళ్లాను, ఎందుకు వెళ్లానో తెలీదు. కంకర జారిపడే బెల్టు కింద తట్టతో కంకర మోస్తున్న ఆడవాళ్లలో ఆమె ఉంది. కొంగు మూతికి చుట్టుకుంది. కనురెప్పల మీద కూడా తెల్లగా దుమ్ము. నన్ను గుర్తుపట్టి తట్ట దించింది.

"నువ్విక్కడెందుకొచ్చావమ్మా?" అన్నాను.

"తోటలో పని మూడు నెల్లేగా అండీ. మిగతా రోజులు ఏం తినాలి?"

రాయి కోసం కాసేపు ఆగిన మిల్లు మళ్లీ ఆడటం మొదలైంది. ఆమె వంగి తట్ట ఎత్తుకుంటూ, "మీరు కొంచెం అటు జరగండమ్మగారూ, చీరంతా పాడైపోద్ది" అంది.