పొగలో పడుకున్న గింజలు

నిన్న మా పొయ్యి పైన దూలానికి వేలాడే మొక్కజొన్న పొత్తులు సర్దుతుంటే, పొగ వాసనకు మా మామ్మ గుర్తొచ్చింది. ఆవిడా ఇలాగే తొక్కలు జడలల్లి విత్తనం పొత్తులు కట్టేది. పొగ తగిలితే పురుగు పట్టదు. ఆ సంగతి అప్పుడు చిన్నపిల్లని, నాకేం తెలుసు? వానలకు ముందు ఆకలేసి ఒక పొత్తు వలిచి వేయించమంటే, "అయ్యి పడుకున్నాయే గుంటా, లేపకు" అంది. నమ్మేశాను. అప్పట్నుంచి గింజలు లేస్తాయని పొయ్యి దగ్గర నావన్నీ గుసగుసలే.

ఒకరోజు విత్తనాల ప్యాకెట్లమ్మే ఆయన అనంతగిరి నుంచి వచ్చి, పైకి చూసి పకపకా నవ్వాడు. "ఏటి మామ్మా ఈ మసిబొగ్గులు! పారేసి ఈ ప్యాకెట్ ఏసుకో. ఏటేటా నేనే తెచ్చిస్తాను."

నేను పెదాల మీద వేలు పెట్టాను. "ఉష్! మెల్లిగా! గింజలు లెగిసిపోతాయి!"

ఆయన ఇంకా నవ్వాడు. మామ్మ నవ్వలేదు. "గుంట సరిగ్గానే సెప్పింది బాబూ. మా గింజలు వానొస్తే లెగుస్తాయి. నీ గింజలకి ఏటేటా నువ్వే రావాల. బేగి కొండ దిగు."

ప్యాకెట్ పంటలో గింజ దాచుకున్నా మళ్లీ అలా పండదని పెద్దయ్యాక తెలిసింది.

నిన్న మా గుమ్మంలోకీ ఒక ప్యాకెట్లాయన వచ్చాడు. పైకి చూసి నవ్వబోయాడు. నేను పెదాల మీద వేలు పెట్టాను.

"ఉష్! మెల్లిగా ఎల్లండి. మా గింజలు పడుకున్నాయి."