సుధాకరరావుగారి బూడిద పరీక్ష

పోశన్న బూడిద ఎత్తితే ఆ సంగతి బూడిదకు కూడా తెలియదని ఖతర్‌లోని మెసయీద్ క్యాంపులో చెప్పుకునేవాళ్ళు. అందులో అతిశయోక్తి ఉంటే చాలా కొంచెమే. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఈ మనిషి ఎరువుల ఫ్యాక్టరీలో ఆఫీసు బాయ్. బాయ్ అన్నమాటే గాని ముప్పై నాలుగేళ్ళవాడు. టీలు ఇవ్వడం, ఫైళ్ళు మొయ్యడం అతని డ్యూటీ. బూడిద ఎత్తడం మాత్రం వాళ్ళమ్మ బాలవ్వ దగ్గర నేర్చిన విద్య. బాలవ్వ పొయ్యి పక్కనే కూర్చుని బీడీలు చుట్టేది. పిసరంత బూడిద ఎగిరి తంబాకు చాటలో పడినా, సాయంత్రం కార్ఖానాలో బీడీలు చూసేవాడు కట్టకు కట్టే తీసి అవతల పారేసేవాడు. అందుకని ఆ ఇంట్లో పిల్లలకు పలక పట్టించక ముందే ఊపిరి బిగబట్టి బూడిద ఎత్తడం నేర్పారు.

ఆ విద్యే ఖతర్‌లో అతని కొంప ముంచింది.

పోశన్న పనిచేసే సెక్షన్‌కు మేనేజరు సుధాకరరావుగారు తెనాలి వైపు మనిషి. ఉల్లిపాయ కూడా ఆలోచించి తినే రకం. ఏడాది పొడుగునా ఒక్క ప్రమాదమూ జరగలేదని కంపెనీవాళ్ళు లాటరీ తీసి, మాంసం కాల్చుకునే బొగ్గుల గ్రిల్లు వెతికి వెతికి ఆయనకే ఇచ్చారు. ఊరికే వచ్చినదాన్ని ఆయన ఎందుకు వదులుతారు? దాని మీద వంకాయలు కాల్చారు. కాల్చిన వంకాయ పచ్చడి ఆయన ఉండే అల్ హిలాల్ పేటలోని ఆంధ్రా కుటుంబాలన్నిటికీ నచ్చింది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం పొద్దున్నే వంకాయలు కాలేవి. పచ్చడి వరకూ బాగానే ఉండేది. మిగిలిన బూడిదను మొదటిసారి ఆయనే పారెయ్యబోయి, గ్రిల్లు ఎత్తి వంచారు. గాలి కూడా సమయానికి వీచింది. ఆయన భార్య శకుంతల ప్రాణంగా చూసుకునే తెల్ల మార్బుల్ వసారా, ఆరేసిన చీరలు, పక్కింటివాళ్ళ తెల్ల కారు, అన్నీ ఒకే రంగుకు వచ్చాయి. మరుసటి శుక్రవారం పోశన్నను పిలిపించారు.

పోశన్న వచ్చి చెయ్యి వెనక్కి తిప్పి బూడిద మీద ఆనించి, వేడి లేదని చూసుకున్నాడు. వాడేసిన టీ పొడి కొంచెం కావాలని అడగబోయేలోగా, శకుంతల పిండిన టీ పొడి గిన్నెలో తెచ్చి పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఈవిడకెట్ల తెలుసని పోశన్న ఒక్క క్షణం అనుకుని, పనిలో పడి మరిచిపోయాడు. తడి టీ పొడి బూడిద మీద చల్లాడు. మూత ఉన్న డబ్బాను గ్రిల్లు లోపలే పడుకోబెట్టి, రేకుతో బూడిదను తనవైపుకు మెల్లగా లాగి అందులోకి నింపాడు. అక్కడే మూత పెట్టి డబ్బా బయటికి తీశాడు. అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు, మాట్లాడితే ఊపిరికి బూడిద లేస్తుంది. వసారా పాలతో కడిగినట్టు ఉంది. ఆనాటినుంచి సెలవురోజైన శుక్రవారాలు పోశన్నవి కాకుండా పోయాయి.

అలా రెండేళ్ళు దాటి మూడో ఏడు పడింది. పోశన్న ఊళ్ళో బస్సెక్కిన అయిదు నెలలకు కూతురు రాణి పుట్టింది. ఆ పిల్లను అతను ఫొటోలో తప్ప చూడలేదు. ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికి క్యాసెట్టు నింపి పంపేవాడు, భార్య గంగామణి అలమారలోని టేపురికార్డరులో పెట్టి పిల్లకు వినిపించేది. నాన్న ఏడి అని ఎవరడిగినా రాణి టేపురికార్డరు చూపించడం మొదలుపెట్టింది. మొదట్లో అందరూ నవ్వారు. ఈమధ్య గంగామణి పంపిన క్యాసెట్టులో ఇంకో ముచ్చట వచ్చింది. రాణి పొద్దున్నే తన గౌనుతో టేపురికార్డరును తుడిచి, నాయినకు దుమ్ము పట్టింది అంటోందట. నాయినకు ఆకలవుతుందని బటన్ల సందులో పెరుగన్నం కుక్కిందట. నాయిన దుబాయ్‌లో ఉన్నాడే అంటే (గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆ ఊరికి దుబాయే), కాదు, అలమారలో ఉన్నాడని పోట్లాడుతోందట. పోశన్న ఆ క్యాసెట్టు నాలుగుసార్లు విన్నాడు. ఇంకో ఏడాది ఆగితే పిల్ల ఆ డబ్బాకే ఖాయం అవుతుందని అతనికి తోచింది. మర్నాడే సెలవు కాగితం నింపి సుధాకరరావుగారి ముందు పెట్టాడు.

ఆయన చెడ్డవాడు కాదు. సంతకం పెట్టడానికి పెన్ను తీశారు కూడా. అంతలో వంకాయలు గుర్తొచ్చాయి. నువ్వు రెండు నెలలు పోతే బూడిద ఎవరు తీస్తారని అడిగారు. ఆ రోజుల్లో కంపెనీకి ఐ.ఎస్.ఓ. సర్టిఫికెట్టు తెచ్చే భారం ఆయన మీదే ఉంది. లోకంలో ప్రతి పనికీ రాసిపెట్టిన పద్ధతి ఉండాలని, పద్ధతి ప్రకారం ఎవరు చేసినా ఒకేలా రావాలని ఆయన నిద్రలో కూడా చెప్పేవారు. అందుకని బూడిదకు కూడా పద్ధతి రాద్దామన్నారు. అది చూసి తానే చేస్తారు. పోశన్న పరీక్షించి, సరి అని సంతకం పెడితే, ఆ నిమిషమే సెలవు కాగితం మీద తన సంతకం.

పద్ధతి పద్నాలుగు అంశాలైంది. టీ పొడి ఎంత తడపాలని అడిగితే పోశన్న, "తడువాలె గని నానద్దు సార్" అన్నాడు. అది మిల్లీలీటర్లలో ఎంతో తేలడానికి రెండు గంటలు పట్టింది.

మొదటి శుక్రవారం సుధాకరరావుగారు ఆరో అంశం దగ్గర తుమ్మారు. రెండో శుక్రవారం ముక్కుకు గుడ్డ కట్టుకున్నారు గాని, మిల్లీలీటర్లు ఎక్కువై నల్లటి బురద మార్బుల్ మీదికి కారింది. మూడో శుక్రవారం అంతా సవ్యంగా జరిగింది. ఆయన గర్వంగా లేచి నిలబడ్డారు. పోశన్న వంగి, గ్రిల్లు కాలు వెనక వేలు పెట్టి చూపించాడు.

"గీడ ఉన్నది సార్."

కంటికి ఆనీ ఆనని బూడిద. సుధాకరరావుగారు కళ్ళద్దాలు సర్దుకుని చూసి, నిజమేనని ఒప్పుకున్నారు. పరీక్షించేవాడి మాటను మేనేజరు కొట్టెయ్యకూడదని పద్ధతిలో తానే రాశారు మరి. మూడోసారీ సరికాదు అనే గడిలోనే పోశన్న సంతకం పడింది. అటు ఓడింది మేనేజరు, ఇటు ఆగింది పోశన్న సెలవు. ఇద్దరూ నిజాయితీపరులే కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఒక్కడు కాస్త తక్కువవాడైనా పని జరిగిపోయేది.

క్యాంపులో అతని గది మనిషి బుచ్చన్న తల పట్టుకున్నాడు. "బాగున్నది అంటే నీ సొమ్మేం పోతదిరా? నీకు దిమాగ్ మాఫీ, తెలివే లేదు" అని తిట్టాడు. పోశన్నకూ తెలుసు. బాగాలేనిదాన్ని బాగుందనడానికి మాత్రం నోరు రాలేదు. కళ్ళు మూసుకుంటే బీడీ కట్టలు తీసి పారేసేవాడు కనిపించేవాడు.

విమానంలో సీటు శనివారంలోగా ఖాయం చేసుకోవాలి. లేకపోతే ఫ్యాక్టరీ మరమ్మతులు మొదలవుతాయి, ఆరు నెలలదాకా ఎవరికీ సెలవు లేదు. నాలుగో శుక్రవారం పోశన్న ముఖం చూసి, సంగతేమిటని శకుంతల అడిగింది. అతను పెరుగన్నం దాకా చెప్పాడు.

సుధాకరరావుగారు ఆ రోజు ముక్కుకు గుడ్డ, కళ్ళకు ఫ్యాక్టరీ అద్దాలు, చేతులకు మోచేతిదాకా రబ్బరు తొడుగులు వేసుకుని, పద్ధతి కాగితం గోడకు అతికించి, మొదటి అంశం పైకి చదివారు. శకుంతల వచ్చి ఆయన చేతిలోని రేకు తీసుకుంది. కొంగు బొడ్లో దోపి గ్రిల్లు ముందు గొంతుక్కూర్చుంది. చెయ్యి వెనక్కి తిప్పి వేడి చూసింది. టీ పొడి చల్లింది. డబ్బా లోపల పడుకోబెట్టి బూడిదను తనవైపుకు లాగింది, అదీ ఊపిరి బిగబట్టి. పోశన్న నోరు తెరుచుకుని చూశాడు. ఆ ఒడుపు బాలవ్వదే. మూత పెట్టేటప్పుడు మాత్రం చేతిగాజు ఒకటి డబ్బాకు తగిలి, చిటికెడు బూడిద గ్రిల్లు అంచు దాటి తెల్ల మార్బుల్ మీద రాలింది.

అద్దాల వెనక సుధాకరరావుగారికి ఇంకా నమ్మకం కుదరలేదు. "నీకిది ఎలా వచ్చు?"

"పెళ్ళయ్యేదాకా మా అమ్మమ్మ ఇంట్లో కట్టెల పొయ్యే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే ఇన్నాళ్ళూ నేనే తీసేదాన్ని."

ఆయన పరీక్షకు వీలుగా అద్దాలు తీసి నేల మీదికి వంగారు. అప్పటికే పోశన్న ఒకడుగు ముందుకు వేసి చిటికెడు బూడిద మీద పాదం పెట్టాడు.

"సరిగున్నది సార్" అన్నాడు. ఈసారి మాట బయటికి వచ్చింది.

ఎవరు చేసినా పద్ధతి పద్ధతేనని సుధాకరరావుగారు సరి అనే గడి చూపించారు. పోశన్న ఉన్నచోటినుంచే చెయ్యి చాచి సంతకం పెట్టాడు. ఇలా వచ్చి కూర్చుని టీ తాగమన్నారు ఆయన. కాలు తిమ్మిరెక్కిందన్నాడు పోశన్న. కాస్త నడిస్తే పోతుందన్నారు. నడిస్తే ఇంకా ఎక్కువైతది సార్ అన్నాడు. ఆయన జాలిపడి, సెలవు కాగితం పోశన్న దగ్గరికే తెచ్చి, గ్రిల్లు మూత మీద పెట్టి సంతకం చేసి, పచ్చడి చూసుకోవడానికి లోపలికి వెళ్ళారు.

శకుంతల తడిగుడ్డ తెచ్చింది.

"ఇక కాలు తియ్యి పోశన్నా."

పోశన్న కాలు తీశాడు. ఆమె ఆ చోటు తుడిచింది. అతను కాగితాన్ని రెండు చేతులతో గుండెలకు అదుముకుని నిలబడ్డాడు. కళ్ళనిండా నీళ్ళు.

"అమ్మా, అబద్ధమాడిన."

"బూడిద ఎత్తడం రానట్టు పెళ్ళయిన పదిహేడేళ్ళూ నేను ఆడాను. నీది చిటికెడేగా" అంది శకుంతల గుడ్డ పిండుతూ. "వెళ్ళు. వెళ్ళి ఆ టేపురికార్డరు పక్కన కూర్చో. కూర్చుని మాట్లాడు. పిల్ల ఎవరివైపు చూస్తుందో నాకు క్యాసెట్టులో చెప్పి పంపు."