వరండాలో మిగిలిన ఓటర్లు

ఎవరైనా వేదికెక్కి మైకు సవరించుకుని "భారత ప్రజలమైన మేము" అని మొదలుపెడితే నాకు అక్కడి నుంచి లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. ఆ మాటల మీద నాకు కోపం లేదు. ఏళ్ల తరబడి బాపట్ల నుంచి తెనాలికి రైల్లో వెళ్లి పిల్లలకు ఆ మాటలే చెప్పి జీతం తీసుకున్నాను. నా రోతంతా ఆ 'మేము'ను పలికే కొన్ని గొంతుల మీద.

నేను సివిక్స్ చెప్పింది తెనాలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. చైర్మన్ గారికి రైసు మిల్లు ఉంది, రేపల్లె వైపు కాలువల కింద పొలాలున్నాయి, కాలేజీ కూడా ఆయన దృష్టిలో అలాంటిదే ఇంకొకటి. రాజ్యాంగ దినోత్సవానికి ఏటా పీఠిక చదివించి, బిస్కెట్లు పంచి పంపేసేవాళ్లం. ఒక ఏడాది నాకు విసుగొచ్చింది. రాజ్యాంగం ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, దాన్ని రాయడానికి కూర్చున్నవాళ్లను ఎవరు ఎన్నుకున్నారో పిల్లలకు తెలియాలనీ అనిపించింది.

రాజ్యాంగ సభను ఎన్నుకున్నది అప్పటి శాసనసభలు. ఆ శాసనసభలకు ఓటేసింది చాలావరకు ఆస్తి ఉన్నవాళ్లు, పన్ను కట్టేవాళ్లు, చదువుకున్నవాళ్లు. దేశంలో ఎక్కువమంది గుమ్మం బయటే ఉండిపోయారు. లోపల జమీందార్లు, పేరున్న వకీళ్లు, పెద్ద వ్యాపారులు కూర్చున్నారు. ప్రభుత్వం ఒకరి ఆస్తి తీసుకుంటే ఎంత పరిహారం ఇవ్వాలన్న దగ్గర తెగ వాదించుకున్నారు. అయినా అదే సభ చివరికి కూలివాడికీ ఇల్లాలికీ కూడా ఓటు రాసిచ్చింది. ఆ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి చూపించాలని నా కోరిక.

అందుకని ఒక ఆట రాశాను. మొదటి రంగంలో, ఇంట్లో పొలం పాస్‌పుస్తకం ఉన్న పిల్లలూ, అమ్మానాన్నల్లో ఒకరైనా డిగ్రీ చదివిన పిల్లలూ హాల్లో కూర్చుంటారు. తక్కినవాళ్లు వరండాలో నిలబడతారు. చివరి రంగంలో తలుపులు తెరుస్తాం. వరండాలో వాళ్లు తమలో ఒకరిని ఎన్నుకుంటే ఆ ఒక్కరూ ముందుగా వచ్చి మాట్లాడతారు, తర్వాత అందరూ ఓటేస్తారు. లోపలున్నవాళ్లకు సిగ్గు, బయటున్నవాళ్లకు కోపం రావాలి. నేను ఆశించింది అంతే.

ఆ రోజుల్లోనే ప్రిన్సిపాల్ గారు పొద్దున తొమ్మిదికల్లా గేటు మూసేయాలన్న ఆలోచనలో ఉన్నారు. రేపల్లె బండిలో వచ్చే పిల్లల గుండెల్లో రాయి పడింది. ఎక్స్‌ప్రెస్సుకు దారి ఇవ్వడానికి ఆ బండిని తెనాలి బయట ఔటర్ సిగ్నల్ దగ్గర నిలబెడతారు, స్టేషన్లో దిగేసరికే తొమ్మిది దాటిపోతుంది. గేటు మూస్తే హాజరు తగ్గుతుంది, హాజరు తగ్గితే పరీక్షకు హాల్ టికెట్ రాదు.

ఆట రోజు, రేపల్లె దగ్గరి పల్లెటూరి అమ్మాయి ఒకతె తిన్నగా వచ్చి హాల్లో ముందు వరసలో కూర్చుంది. వాళ్ల నాన్న కౌలు రైతు. మా వైపు కౌలు చేసేవాళ్లు కూడా 'మా పొలం' అనే అంటారు. దున్నేదీ, నారు పోసేదీ, కాలువ నీళ్లకు కాపలా ఉండేదీ వాళ్లే కాబట్టి ఆ మాట ఎవరికీ తప్పుగా తోచదు. కౌలుకు కాగితం ఉండదు, నోటిమాటే.

ముఖ్య అతిథితో పాటు వేదిక మీదున్న చైర్మన్ గారు ఆమెను గుర్తుపట్టారు.

"ఏమ్మాయ్, నువ్విక్కడ కూర్చున్నావేంటి?"

"మాకు పొలం ఉందండి. మూడెకరాలండి."

"మీ పొలమేంటమ్మా! ఆ మూడెకరాలూ నావి. మీ నాన్న కౌలుకి చేస్తున్నాడు. పద పద, వరండాలోకి."

హాలంతా గొల్లున నవ్వింది. ప్రిన్సిపాల్ గారూ నవ్వారు. ఆ అమ్మాయి లేచి, చున్నీ సర్దుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో జిగటగా అంటుకునే ఉంది.

చైర్మన్ గారు నా వైపు వంగి, "చాలా బాగుందమ్మా మీ ఆట. అసలు ఓటంటే ఇలాగే ఉండాలి. బిర్యానీ పొట్లానికి అమ్ముకునేవాళ్లకి ఇచ్చి ఏం బావుకున్నాం చెప్పండి?" అన్నారు. చేదు తెలియాలని వండిన కూరను ఆయన లొట్టలేసుకుంటూ తిన్నారు. అంతకుముందు ఎన్నికల్లో ఆ పొట్లాలు కట్టింది ఆయన మిల్లు ఆవరణలోనే. ఆయన పక్కన కుర్చీలో కూర్చోవడానికే నాకు కంపరమెత్తింది.

లోపల ఆస్తి హక్కు మీద చర్చ జోరుగా సాగింది. ఒక డాక్టరు గారి అబ్బాయి, "ఉన్నవాడి ఆస్తి ముట్టుకుంటే దేశం అడుక్కుతింటుంది" అన్నాడు. చప్పట్లు మోగాయి. అది నేను రాసిచ్చిన మాట కాదు, వాడి సొంతం. ఒక్కరికీ సిగ్గు రాలేదు. లోపల ఉండటం వాళ్లకు హాయిగా ఉంది.

నేను వరండాలోకి వెళ్లి చూశాను. అక్కడ చేతులెత్తి ఎన్నిక జరిపేసుకున్నారు. గెలిచింది ఆ అమ్మాయే. రైలు సంగతి మాట్లాడమని అందరూ ఆమెకు చెబుతున్నారు. ఆమె తలుపుకు దగ్గరగా నిలబడి, పెదవులు కదుపుతూ తన మాటలు మననం చేసుకుంటోంది.

నేను తిరిగి లోపలికొచ్చి కూర్చునేసరికి చైర్మన్ గారు మైకు అందుకున్నారు. "సభ ఎలాగూ కూర్చుంది కదా, మన కాలేజీకి కూడా ఒక నిబంధన చేసేసుకుందాం. తొమ్మిదింటికి గేటు మూసేద్దామా?" బైకుల మీద వచ్చే పిల్లలంతా చేతులెత్తారు. చివరి రంగం ఉందని నేను లేచి చెప్పాను. "భోజనాలు చల్లారిపోతున్నాయమ్మా, గెస్టు గారికి గుంటూరులో ఇంకో ఫంక్షనుంది" అన్నారాయన. జనగణమన మొదలైంది. వరండాలో వాళ్లు కూడా నిటారుగా నిలబడ్డారు. తలుపు ఎవరూ తెరవలేదు.

మర్నాటి నుంచే గేటు మూశారు. నేను ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి అడిగాను.

"మనం పెట్టింది కాదండి మేడం. పిల్లలే చేసుకున్న తీర్మానం. ప్రజాస్వామ్యం కదండీ."

"రైల్లో వచ్చేవాళ్లలో చాలామందిని అసలు చెయ్యెత్తనివ్వలేదు కదండీ!"

"అది మీ ఆటలో రూలే కదండీ మేడం," అన్నారాయన. ఆ మాట అనేసి టీ తాగారు.

ఆ ఒక్కమాటకు నా ఒళ్లు మండిపోయింది. ఎన్నో ఏళ్ల కిందటి ఆ పెద్దల సభను నేను తిట్టిపోయగలను. వాళ్లు తమ భూములనూ, తమ మిల్లులనూ చూసుకునే మాట్లాడారని ఆధారాలతో చెప్పగలను. కానీ వాళ్లు కనీసం తలుపు తీశారు. మావాళ్లకు ఆ మాత్రం బుద్ధి కూడా లేకపోయింది. ఆ తలుపు ఉందన్న సంగతే వాళ్లకు గిట్టలేదు.

నేను చైర్మన్ గారి ఇంటికీ వెళ్లాను, ఉత్తరమూ రాశాను. ఏమీ మారలేదు. వారం తర్వాత ఒక పొద్దున మా బాపట్ల బండి కూడా ఆలస్యమైంది. నన్ను చూసి వాచ్‌మన్ గేటు కొంచెం తెరిచాడు. స్టాఫుకు ఆ నిబంధన లేదు. రేపల్లె పిల్లలు రోడ్డు పక్కన ఎండలో నిలబడి ఉన్నారు. నేను లోపలికి అడుగు పెట్టకుండా ఆగిపోయాను.

ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"మేడం, చివరి రంగం ఎప్పుడు పెడతారండి? నేను మాట్లాడాల్సింది ఇంకా గుర్తుందండి."

వెక్కిరిస్తోందేమోనని ఆమె మొహంలోకి చూశాను. వెక్కిరింపు కాదు. ఆట ఇంకా అయిపోలేదనే అనుకుంటోంది.