మామ కారులో పసుపు నీళ్లు

మొన్న శనివారం కాలేజీ నుంచి ఇంటికొచ్చి, కారులో పక్క సీటు ముందు పెట్టిన సంచి తీస్తే దాని అడుగు తడిసి ఉంది. నీళ్ల సీసా మూత వదులైందనుకున్నాను. చూస్తే సీసా ఎప్పుడో ఖాళీ అయింది. కారు చాపను వేలితో అద్ది వాసన చూశాను, సన్నగా తీపి వాసన. సర్వీసు సెంటర్‌లో మెకానిక్ దాని వైపు ఒక చూపు చూసి "ఏసీ నీళ్లు మేడం, పైపు జామైనట్టుంది" అని తేల్చేశాడు. ఏసీ నీళ్లకు తీపి వాసన ఎక్కడిది, ఇది ఇంజిన్ నీళ్లలో కలిపే కూలెంట్ వాసన, హీటర్ వాల్వు చూడు నాయనా అన్నాను. "మన వరంగల్ల హీటర్ ఎవలు వాడుతరు మేడం?" అని నవ్వాడు. వాడకపోయినా ఇంజిన్ నీళ్లు దాని దాకా వస్తాయని నేను పాఠం మొదలుపెట్టేసరికి, పాపం, పని మొదలుపెట్టాడు. వాల్వే. పాతికేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నందుకు వచ్చిన తెలివి కాదిది. మా మామ కారు ముందు ఒక ఆదివారం పొద్దుటి పూటంతా మోకాళ్ల మీద కూర్చున్నందుకు వచ్చింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. మట్టెవాడలో ఇల్లు, మార్కెట్లో పసుపు వ్యాపారం. గుప్పెడు పసుపు కొమ్ములు చేతిలో ఆడించి ఏ ఊరి పంటో చెప్పగలిగేవాడు గాని, కారు గురించి ఆయనకు తెలిసిందల్లా తుడవడమే. చల్లటి కొండ ప్రాంతాల్లో పనిచేసి రిటైరైన ఒక మిలిటరీ ఆఫీసర్ దగ్గర కొన్నాడు దాన్ని. నేను చెప్పే సంగతి జరిగేనాటికి దానికి ఇరవై ఏళ్లు దాటాయి. డాష్‌బోర్డు మీద ఎర్ర చుక్కకూ నీలం చుక్కకూ మధ్య జరిగే ఒక పుల్ల ఉండేది. అదెందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎరుపు శుభమని మామ దాన్ని ఎప్పుడూ ఎర్ర చుక్క మీదే ఉంచేవాడు. కింద మీగడ రంగు కార్పెట్ వేయించి, చెప్పులతో ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు. కలెక్టర్ వచ్చినా సరే, చెప్పులు చేతిలో పట్టుకునే ఎక్కాలనేవాడు. కలెక్టర్ ఎప్పుడూ రాలేదు, మేమే పట్టుకుని ఎక్కేవాళ్లం.

అత్త రోజూ స్నానం కాగానే కాళ్లకు పసుపు రాసుకునేది. పసుపు సావుకారి ఇల్లు కదా, పిసినారితనం లేకుండా చీలమండల దాకా పచ్చగా రాసేది. ఆమెకు ఒక్కతే అక్క, రఘునాథపల్లిలో. ఆ ఏడు ఆ అక్కకు మతిమరుపు జబ్బు మొదలైంది. ముందు వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో మరిచిపోయింది, తర్వాత మనవల పేర్లు మరిచిపోయింది. తరచుగా కనిపించే మొహాలు కొంతకాలం గుర్తుంటాయి, పోయి వస్తుండండి అని డాక్టర్ చెప్పాడట. అందుకని మామ వారానికి రెండుసార్లు అత్తను కారులో తీసుకుపోయేవాడు. కారు దిగుతుండగానే అక్క అరుగు మీంచి "వచ్చినవా చెల్లె" అనేది. ఆ పిలుపు విన్న రోజు అత్త ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేది.

అట్లాంటి రోజుల్లోనే కార్పెట్ మీద, సరిగ్గా అత్త కాళ్లు పెట్టే చోట, పచ్చటి మరక పడింది. మామ సబ్బుతో కడిగాడు. మళ్లీ పడింది. మూడోసారి వాకిట్లో, కొట్టు గుమస్తా వింటుండగా, "నీ కాళ్ల పసుపంత నా కార్ల పూస్తున్నవ్. జర కడుక్కొని ఎక్కరాదా?" అన్నాడు. అత్త మర్నాటి నుంచి కాళ్లకు పసుపు మానేసింది, కారెక్కడమూ మానేసింది. ముత్తయిదువవు, వట్టి కాళ్లతో తిరగడమేందని పక్కింటామె అడిగితే, "మా కారుకు పడ్తలేదట" అంది. రఘునాథపల్లికి బస్సులో పోయేది. మోకాళ్ల నొప్పితో ఆ బస్సు మెట్లు ఎక్కలేక, వారానికి రెండుసార్లు కాస్తా పదిహేను రోజులకోసారి అయింది.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున వాళ్లింటికి పోయాను. ఏదో పని మీద మామ కారు తీస్తే నేనూ చెప్పులు చేత పట్టుకుని పక్కన కూర్చున్నాను. కాసేపటికి అరికాలికి వెచ్చగా, తడిగా తగిలింది. కాలెత్తి చూస్తే పచ్చగా ఉంది. కారంతా ఎవరింట్లోనో పప్పు ఉడుకుతున్న వాసన.

"మామా, అత్త ఈ కారెక్కక రెండు నెలలాయె. నేను పసుపు రాసుకోను. మరి ఇది ఎక్కడిది?"

మామ గేరు మార్చాడు. నేను మళ్లీ అడిగాను.

"రేడియేటర్ల పోసిన బిడ్డా," అన్నాడు చివరికి. "నీళ్లు ఊకె తగ్గుతున్నయ్. పసుపు పోస్తె సందులు మూస్కపోతయని మార్కెట్ల లారీ డ్రైవర్ చెప్పిండు. మనది అసలు సరుకాయె, జర ఎక్కువనే పోసిన."

కోపం రావలసిన చోట నాకు ముందు కుతూహలం వచ్చింది. అది నా గుణం, ఏం చేయను? ముందున్న రేడియేటర్లో పోసిన పసుపు నా కాలి కిందికి ఎట్లా వచ్చింది? కారు ఇంటికి తిప్పించి, ఇంజిన్ నడుస్తుండగానే కింద పాత పేపర్లు పరిచి, టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కింద తల దూర్చాను. పది నిమిషాలు వెతికాను. ఇంజిన్ వేడికి, ఇత్తడి నల్లా లాంటి ఒక వాల్వు కాడ చుట్టూ పచ్చటి చుక్క ఊరింది, కాసేపు ఊగింది, పేపరు మీద పడింది. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది, తల తగులుతుందని ఊరుకున్నాను. పైన పుల్లను నీలం చుక్క వైపు జరిపితే కింద ఆ కాడ తిరిగింది. ఎరుపంటే వేడి, నీలమంటే చల్లదనం, అప్పుడు అర్థమైంది అది ఇంజిన్ వేడి నీళ్లను లోపలికి తెచ్చే హీటరని. ఇంజిన్ చల్లారితే కారడం ఆగిపోయేది. నీళ్లు తగ్గుతున్నాయని మామ ఇంటికి పిలిచిన మెకానిక్ చూసినప్పుడల్లా కారు చల్లగా ఉండేది, అందుకే ఆయనకు ఎన్నడూ దొరకలేదు.

ఆ మెకానిక్ భాయ్‌ని పిలిపించాం. "తీసేసి రెండు పైపులు కలిపేస్త సేట్. మనకు ఎండకాలం ఫ్రీగ వస్తది, హీటరెందుకు?" అన్నాడు. ఆయన చెప్పింది సబబే. కానీ లోపల ఏముందో చూడకుండా నేనెట్లా ఒప్పుకుంటాను? విప్పించాను. కాడకుండే రబ్బరు రింగు అరిగి బద్దలా అయింది, చుట్టూ పసుపు ముద్ద. కాలేజీ ల్యాబుకని కొన్న వెర్నియర్ కాలిపర్ సంచిలోనే ఉంది, దాంతో కొలతలు తీసుకుని దుకాణాలు తిరిగాను. చివరికి చేలల్లో మందు కొట్టే పంపులు అమ్మే కొట్టులో ఆ కొలత రింగు దొరికింది. "వేడికి ఆగుతదా?" అన్నాడు భాయ్. ఆగుతుందో లేదో చూద్దామని అత్త పొయ్యి మీద గిన్నెలో నీళ్లు పెట్టి అందులో వేశాను.

"ఏందే అది, రింగుల చారా?" అంది అత్త.

మామే చెప్పాలని ఎంత అనుకున్నా నా నోరు ఆగలేదు. మొత్తం చెప్పేశాను. వెనక్కి తిరిగితే మామ గడపలో నిలబడి ఉన్నాడు.

"పోసిన్నాడే నాకొక్క మాట చెప్తే ఏమైతుండె?" అంది అత్త.

"ఇంకో రిపేరొస్తే కారమ్మాలె అంటివి. భయపడ్డ."

"మరక చూసినప్పుడన్న అనుమానం రాలేదా?"

గిన్నెలో నీళ్లు కుతకుతమంటున్నాయి. నేను స్టవ్ తగ్గించాను.

"వచ్చింది," అన్నాడు మామ. "మూడోసారి కడిగేటప్పుడే వచ్చింది. తప్పు నాదే."

నా బతుకులో మామ నోట ఆ మాట వినడం అదే మొదలు. అత్త ఆయన వైపు చూడలేదు. గరిటెతో రింగు తీసి, చల్లటి నీళ్లలో ముంచి, నొక్కి చూసి నా చేతిలో పెట్టింది. "మంచిగనే ఉంది. పోయి బిగియ్యి" అంది.

బిగించాం, కారలేదు. ఆ మధ్యాహ్నమే ముగ్గురం రఘునాథపల్లికి బయలుదేరాం. అత్త ముందు సీట్లోనే కూర్చుంది. అక్క ఎప్పటిలాగే అరుగు మీద ఉంది. అత్త దిగి దగ్గరికి పోయేదాకా చూస్తూనే ఉంది.

"ఎవలమ్మా నువ్వు? ఎవలింటికొచ్చినవ్?" అంది.

అత్త పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "మీ ఇంటికే అక్కా," అంది.

మామ కారు తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. వచ్చేటప్పుడు అత్త ఒకే మాట అంది, "మొన్న బస్సుల వచ్చినప్పుడు గూడ గుర్తుపట్టింది." ఎవరినీ అనలేదు. తిట్టినా బాగుండునని మామకు అనిపించి ఉంటుంది, నాకూ అనిపించింది. మర్నాటి నుంచి మామ వ్యాపారం గుమస్తాకు వదిలేసి రోజు విడిచి రోజు అత్తను తీసుకుపోయాడు. అక్క పోయేదాకా, ఏడాదిన్నర, ఒక్కసారీ మానలేదు. ఆమె మాత్రం అత్తను వచ్చిన ప్రతిసారీ కొత్త మనిషిలాగే, మర్యాదగా కూర్చోమంది. వాల్వుకు మాకు పట్టింది ఒక్క పూట. మామ ఒక్క మాటను నోట్లో దాచుకున్న ఆ రెండు నెలలు మాత్రం ఆయన ఏడాదిన్నర కారు నడిపినా తిరిగి రాలేదు.