వాడదాకా రాని టీకా

1942 ఎండాకాలం. వనపర్తి చుట్టుపక్కల ఊళ్లలో మశూచి టీకాలు వేసే వ్యాక్సినేటర్‌ని నేను. టీకా మందును లింఫ్ అంటాం. సన్నని గాజు గొట్టాల్లో వస్తుంది. వేడెక్కితే పనికిరాదు. తడిగుడ్డ చుట్టి కుండలో పెట్టుకుని, ఎండ ముదరకముందే వేసెయ్యాలి.

ఏ ఊళ్లోనైనా ముందు పటేల్ ఇంటికి పోవడం ఆనవాయితీ. ఆత్మకూరు దగ్గరి ఒక ఊళ్లో నేనూ అదే చేశాను. ఆయన ఇంటివాళ్లకు వేసి, అక్కడే భోంచేసి, కునుకు తీశాను. లేచేసరికి మందు పాడైంది. ఊరవతల కూలీల వాడకు మళ్లీ వస్తానని కబురు పంపి వెళ్లిపోయాను.

నేను తిరిగి వచ్చేలోపే ఆ వాడలో సాయమ్మ ఒక్కగానొక్క కూతురు మశూచితో పోయింది.

రెండోసారి వెళ్లినప్పుడు సాయమ్మ ఊరి మొదట్లోనే దారికి అడ్డంగా నిలబడి ఉంది. ఏదో ఒకటి అనాలి కదా అని, "అమ్మతల్లి తీసుకుపోయింది, ఏం చేస్తాం," అన్నాను. మందు ఎందుకు పాడైందో తెలిసి కూడా ఆ మాట అన్నాను!

"తల్లి మా వాడకు నడిచొచ్చిందయ్యా. నువ్వే రాలే," అంది.

అంతలో పటేల్ జీతగాడు వచ్చాడు. "పటేల్ పిలుస్తుండయ్యా. పెండ్లికి చుట్టాలు పిల్లలతోని వచ్చిన్రు, ముందుగాల వాళ్లకెయ్యాల్నంట. నువ్వు జరుగే సాయీ! బిడ్డను మింగి పొద్దుగాల్నే ఎదురొస్తవా?"

నా ఒళ్లు మండిపోయింది. బిడ్డను మింగింది ఆమెనా? ఊరంతా ఆమెకు రాత అని, తల్లి కోపమని చెప్పిందే తప్ప నా పేరు గానీ పటేల్ పేరు గానీ ఎవరూ ఎత్తలేదు.

"నేను జరగ," అంది సాయమ్మ. "మందు సల్లగున్నప్పుడే మా పోరగాండ్లకు పడాలె."

జీతగాణ్ని పంపేసి ఆమె వెంట నడిచాను. సూదికి జడిసి గాదెల వెనక దాక్కున్న పిల్లలను లాక్కొచ్చి, ఒక్కొక్కరినీ తన ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "ఏడ్వకురా, మీ అయ్య మీసం గింతకన్న ఎక్కువ గుచ్చుతది," అంటే ఏడుస్తున్నవాడు నవ్వాడు.

వాడ పిల్లలందరికీ అయ్యాక కాస్త మందు మిగిలింది. "పటేల్ చుట్టాలను ఈసారి ఆగనీ," అన్నాను కోపంగా.

"గట్లెందుకయ్యా? వాళ్లు గూడ పిల్లలే గద. ఎండ ముదురుతుంది, జల్ది పో."

ఆ తర్వాత ఏ ఊళ్లోనైనా ముందు ఊరవతలి వాడకే వెళ్లాను. పటేళ్లు పైవాళ్లకు ఫిర్యాదులు చేశారు. చేసుకోనీ. ఎవరూ పిలవకపోయినా సాయమ్మ టీకాల రోజున పక్క ఊళ్లకూ నడిచొచ్చి పిల్లలను ఒళ్లో పట్టుకునేది. ఆమెకు నేను మళ్లీ ఓదార్పు మాట చెప్పలేదు. మందు చల్లగా ఉండగానే వాడ చేరేవాణ్ని.